పల్లకీ ఎక్కిన నేతిగిన్నె

ఏ కాలంలోనో తెలియదు గానీ వెలగలకోట అని ఒక రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో గొప్పవాళ్ళెవరూ వేళకి వచ్చేవారు కారు.

మొదటినుంచీ అలా లేదు. ఆ అలవాటు ఒక పనసపండు వల్ల వచ్చింది.

ఆ దేశాన్ని ఏలే రాజు ఉద్దండవర్మ. మనిషి చెడ్డవాడేం కాదు, పొగిడితే మాత్రం వెన్నలా కరిగిపోయేవాడు. ఒకనాటి ఉదయం ఆయన పనసతొనలు కాస్త ఎక్కువ తిని, అలా ఒరిగి, కొలువు సంగతే మరిచిపోయాడు. మెలకువ వచ్చి ఉరుకులు పరుగులతో సభకి వచ్చేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. సభంతా లేచి నిలబడింది. రాజుగారికి సిగ్గేసింది. ఏం చెప్పాలో తోచక మీసం దువ్వుకుంటూ ఉంటే, ఆస్థాన పండితుడు సర్వజ్ఞభట్టు ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"మహాప్రభూ! చుక్కలు ముందొస్తాయి, చంద్రుడు తీరిగ్గా వస్తాడు. ఎదురుచూసేవాళ్ళు చిన్నవాళ్ళు, ఎదురుచూపించేవాళ్ళు పెద్దవాళ్ళు. ఏలినవారి ఘనత ఈరోజు మాకు కళ్ళారా కనబడింది."

"అవును సుమా!" అనుకున్నాడు రాజు. సిగ్గు కాస్తా గర్వమైపోయింది. మర్నాడు మెలకువగా ఉండి కూడా ఆలస్యంగా వెళ్ళాడు.

రాజుగారి చూపు ఎటుంటే అందరి చూపూ అటే కదా. ఆలస్యంగా వచ్చినవాడే ఘనుడని కోటంతా పాకిపోయింది. వేళకి వచ్చేవాణ్ణి చూసి, "పాపం, పనీపాటా లేనట్టుంది" అని జాలిపడేవారు. జాముపొద్దెక్కి వచ్చేవాడికి దారిచ్చి, "ఎన్ని రాచకార్యాలో!" అని గుసగుసలాడేవారు. ఒకసారి సర్వజ్ఞభట్టు మంగళవారం కొలువుకి బుధవారం వచ్చాడు. రాజు సింహాసనం దిగి ఎదురెళ్ళి, "రోజంతా ఆలస్యం! ఎంతటివారండీ మీరు!" అని శాలువా కప్పాడు.

అలాంటి కోటలో అందరికంటే ముందు లేచేది నరసాయమ్మ.

నరసాయమ్మ కోట వంటశాలకి పెద్ద. కోడి కూయకముందే గాడిపొయ్యి వెలిగించేది. మాట తక్కువ. ఎవరైనా గట్టిగా పలకరిస్తే పమిటకొంగు వేలికి చుట్టుకుంటూ నేలచూపులు చూసేది. ఆమె వండిన పప్పు తింటూ లొట్టలేసే పెద్దమనుషుల్లో ఆమె పేరు తెలిసినవాళ్ళు ఒకరో ఇద్దరో.

ఆ ఏడు తొలకరి పడింది గానీ, ఆ తర్వాత వాన మొహం చాటేసింది. ఏట్లో నీళ్ళు నిండుగానే ఉన్నాయి. కాలువకి వదిలితే చాలు, ఊళ్ళన్నీ నాట్లు వేసుకుంటాయి. కానీ కాలువ తూములకి తాళాలు పడి ఉన్నాయి. కాలువల అధికారి పోయిన నెలలో కాలం చేశాడు. కొత్తవాడికి రాజు తన చేత్తో తాళపుచెవులు ఇచ్చేదాకా తూములు ఎత్తకూడదు. అది ఆ రాజ్యంలో తాతలనాటి కట్టుబాటు.

ఆ పదవి కోసం ఇద్దరు పోటీపడ్డారు. ఒకడు సర్వజ్ఞభట్టు. రెండోవాడు బిరుదాంకయ్య అనే భూస్వామి. "మీ ఇద్దరిలో ఎవరు ఎక్కువ ఆలస్యంగా వస్తే వారే ఘనులు, వారికే తాళాలు" అన్నాడు రాజు. ఇంకేం! ఈరోజు భట్టు దీపాలవేళకి వస్తే, రేపు బిరుదాంకయ్య దీపాలు కొండెక్కే వేళకి వస్తాడు. పోటీ తేలదు. తాళపుచెవుల గుత్తి రాజుగారి మొలలోనే గలగలలాడుతోంది.

ఒకరోజు వంటశాల పెరటి గుమ్మం దగ్గరికి నరసాయమ్మ అన్న అప్పలస్వామి వచ్చాడు. తమ ఊరు గుమ్మడాం నుంచి నడిచొచ్చాడేమో, మోకాళ్ళ దాకా దుమ్ము.

"ఏం అన్నా, ఇలా అయిపోయావు? కూర్చో, మజ్జిగ తెస్తాను."

"మజ్జిగ తర్వాత తాగుతాలే అమ్మీ. నారుమడి పసుపురంగుకి తిరిగింది. కుండలతో మోసి పోస్తున్నాం. ఇంకో రెండు మూడు రోజులు ఇలాగే ఉంటే ఎండిపోతుంది, మళ్ళీ విత్తడానికి గింజ కూడా లేదు. ఊరు ఊరంతా కోట గుమ్మం ముందే పడి ఉంది. మీ రాజుగారికి తీరికెప్పుడు?"

"తాళాలు ఎవరికో ఒకరికి ఇస్తే చాలుగా?"

"ఎవరికో ఒకరికిస్తే ఏం చాలుతుందే! భట్టుగారికిస్తే ఆయన తూము దగ్గరికి ఎప్పుడొస్తాడు? సంక్రాంతి వెళ్ళాకా? మన నీరుకట్టు గవరయ్య ఉన్నాడు చూడు, ఊరూరికీ నీళ్ళు పంచేవాడు, అతనికిస్తే చీకటితోనే తూము మీద ఉంటాడు. రోజూ తెల్లారేసరికి వచ్చి గుమ్మం ముందు నిలబడుతున్నాడు పాపం. నిన్న రాజుగారు పైనుంచి చూసి ఏమన్నారో తెలుసా? 'ఇంత పొద్దున్నే వచ్చాడంటే వీడి కోసం ఎవరూ ఎదురుచూడరన్నమాట' అన్నారట."

నరసాయమ్మ అన్నకి మజ్జిగ ఇచ్చి, లోపలికొచ్చి చింతపండు పిసుకుతూ కూర్చుంది.

పక్కన కూరలు తరిగే రాజాలు, "ఎవరేమన్నా భట్టుగారు గొప్పవారు వదినా. ఆలస్యమైందంటే ఇంట్లో ఎన్ని గ్రంథాలు తిరగేస్తున్నారో!" అంది.

నరసాయమ్మకి నవ్వొచ్చింది. మొన్న ప్రసాదం ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చూసింది కదా. భట్టు తెల్లవారుజామునే ముస్తాబై, శాలువా కప్పుకుని, ఉయ్యాలబల్ల మీద ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. "అయ్యగారు కోటకి వెళ్ళలేదా అమ్మా?" అంటే, "ఇంకా పొద్దుంది కదమ్మా, మరీ ముందెళితే మర్యాద పోతుందట. కూర్చుని కూర్చుని ఆయనకి నడుం పట్టేసింది, నూనె రాస్తున్నాను" అంది ఆయన భార్య.

మనల్ని నిలబెట్టినవాడు పెద్దవాడిలా కనిపిస్తాడు. మనకోసం నిలబడినవాడు చిన్నవాడిలా కనిపిస్తాడు. ఎందుకో మరి, అనుకుంది నరసాయమ్మ. చేతిలో చింతపండు ఎప్పుడో పిప్పి అయిపోయింది, పిసుకుతూనే ఉంది.

ఆ సాయంత్రమే కబురొచ్చింది. రేపు రాజుగారి పుట్టినరోజు విందు. విందుకి భట్టు, బిరుదాంకయ్యల్లో ఎవరు ఆఖరున వస్తే తాళాలు వాళ్ళకే. ఇక మార్పు లేదు.

"మరి ఏలినవారు ఎప్పుడు వేంచేస్తారు?" అని మంత్రి సోమన అడిగాడట.

"రేపు నేనే ముందు కూర్చుంటానయ్యా. ఎవరు ముందో ఎవరు వెనకో నా కళ్ళతో చూడాలి కదా. అయితే నా ఘనత తగ్గుతుందంటావా?"

"ఎంతమాట! ఏలినవారు ముందొచ్చినా ఆలస్యంగా వచ్చినట్టే."

ఈ మాటలు నరసాయమ్మ చెవిన పడ్డాయి. వెంటనే రాజాలుని పిలిచి, "చిన్న రాకుమారి బొమ్మల పల్లకీ ఉంది చూడు, దాన్ని రేపటికి అడిగి తీసుకురా" అంది.

"బొమ్మల పల్లకీయా! ఎందుకు వదినా?"

"నెయ్యి ఊరేగడానికి."

రాజాలు నోరు తెరిచి చూసింది. నరసాయమ్మ తను చెయ్యబోయేది చెప్పింది. విన్నంతసేపూ రాజాలు తెరిచిన నోరు మూయలేదు.

"నీకేమైనా మతిపోయిందా? రాజుగారికి కోపమొస్తే కోట బయటికి గెంటిస్తారు. ఈ వయసులో ఎక్కడికి పోతావు?"

"గుమ్మడాం పోతాను. నాట్లు వేస్తాను. నీళ్ళుంటేనే అనుకో" అంది నరసాయమ్మ.

మర్నాడు రాజుగారికి నలుగుపెట్టి తలంటు పోశారు. పూజ అయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. తలంటి పోసుకున్న ఒంటికి ఆకలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మధ్యాహ్నానికి భోజనశాలకి వచ్చేసరికి ఆయనకి కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయి. వంటశాల నుంచి ఒకటే ఘుమఘుమలు. పనసపొట్టు కూరలో ఆవ ఘాటు, గుమ్మడికాయ దప్పళంలో ఇంగువ, పరవాన్నంలో యాలకులు.

రాజు పీట మీద కూర్చున్నాడు. మంత్రీ, మిగతా ఉద్యోగులూ పంక్తిలో కూర్చున్నారు. రెండు ఆకులు ఖాళీ. భట్టు పల్లకీ వీధి ఈ మలుపులో, బిరుదాంకయ్య పల్లకీ ఆ మలుపులో ఆగి ఉన్నాయి. ఒకరి బంటు వచ్చి రెండోవాళ్ళు లోపలికి వెళ్ళారేమోనని తొంగిచూసి పోతున్నాడు.

"వాళ్ళు ఘనులు, వాళ్ళ వేళకి వాళ్ళొస్తారు. ముందు మాకు వడ్డించండి" అన్నాడు రాజు.

నరసాయమ్మ వచ్చింది. తలవంచుకుని, ప్రతి ఆకులోనూ చిటికెడు ఉప్పు వేసి లోపలికి వెళ్ళిపోయింది.

రాజు ఎదురుచూశాడు. చాలాసేపటికి ఊరగాయ వచ్చింది. ఇంకా చాలాసేపటికి చల్లమిరపకాయలు వచ్చాయి. ఆ తర్వాత ఇంకేదీ రాలేదు.

అన్నం వడ్డించి, దాని మీద చెంచాడు నెయ్యి పడితే గానీ ఎవరూ ముద్ద ముట్టకూడదు. రాజైనా సరే. అయినా ఆగలేక ఉద్దండవర్మ అటూ ఇటూ చూసి ఒక చల్లమిరపకాయ నోట్లో వేసుకున్నాడు. ఖాళీ కడుపు, గొంతు మండిపోయింది. కళ్ళ వెంట నీళ్ళు.

"అన్నమేదీ?" అని అరిచాడు.

నరసాయమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "వండి సిద్ధంగా ఉంది మహాప్రభూ."

"మరి తేవేం?"

"అన్నం వంటలన్నిటికీ పెద్ద కదండీ. ఉప్పులా ఊరగాయలా ముందొచ్చేస్తే దాని ఘనత ఏం కాను?"

పంక్తిలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజు కనుబొమలు ముడిపడ్డాయి.

"పోనీ, పప్పు తే!"

"పప్పు గుమ్మం దాకా వచ్చిందండీ. అన్నం ఇంకా రాలేదని తెలిసి వెనక్కి వెళ్ళిపోయింది. అన్నం కంటే ముందొస్తే తక్కువైపోతానని భయం దానికి."

"నెయ్యి!"

"నెయ్యి అదిగోనండీ, దయచేస్తోంది."

అందరూ తలలు తిప్పారు. బయట వసారాలో రాజాలూ ఇంకో వంటావిడా బొమ్మల పల్లకీ మోసుకుని అడుగులో అడుగు వేసుకుంటూ వెళుతున్నారు. పల్లకీలో పట్టుగుడ్డ మీద వెండి నేతిగిన్నె. ఆ చివరిదాకా వెళ్ళి ఆగారు. రాజాలు గుమ్మంలోంచి తొంగిచూసి, "అన్నం వచ్చిందా వదినా?" అని అడిగింది.

"ఇంకా లేదు."

"అయితే మా అయ్యగారు ఇంకో చుట్టు తిరిగొస్తారట" అని పల్లకీ మళ్ళీ కదిలింది.

"మరి ఆ అన్నం ఎప్పుడొస్తుందమ్మా?" మంత్రి సోమన దీనంగా అడిగాడు.

"నెయ్యి వచ్చాక అండీ. అదీ చాటునుంచే చూస్తోంది."

రాజు పీట మీంచి లేచాడు. ఆకలీ కోపమూ కలిసి మొహం కందగడ్డలా ఉంది. "ఏమే! నాతోనా వేళాకోళం? పుట్టినరోజు పూట నన్ను పస్తు పెడతావా? కోట బయటికి గెంటించమంటావా?"

నరసాయమ్మ కొంగు వేలికి చుట్టుకుంది. అయినా నేలచూపులు చూడలేదు. మొదటిసారి రాజుగారి మొహంలోకి చూసింది.

"వేళాకోళం కాదు మహాప్రభూ. ముందొచ్చింది తక్కువ, ఆలస్యంగా వచ్చింది గొప్ప అని ఏలినవారే నేర్పారు. కోటలో మనుషులందరూ నేర్చుకున్నారు. వంటకాలు నేర్చుకోకపోతే తప్పని నేనే నేర్పాను. ఏలినవారు ఇంకొంచెం ఎదురుచూస్తే, అన్నం ఎంత గొప్పదో ఏలినవారికే తెలుస్తుంది."

"ఆకలితో చచ్చేవాడికి గొప్ప ఎందుకే!" అని రాజు కడుపు పట్టుకుని అరిచాడు. "వేళకి రానిది అన్నమైతే నాకేం, అమృతమైతే నాకేం!"

"నారుమడి కూడా అదే అంటోందండీ" అంది నరసాయమ్మ.

వసారాలో తిరుగుతున్న పల్లకీ ఆగిపోయింది.

రాజు ఒకసారి ఖాళీ ఆకుల వంక చూశాడు. ఒకసారి వీధి వంక చూశాడు. మలుపు చాటునుంచి భట్టుగారి బంటు తల బయటపెట్టి, రాజుగారి చూపు తగిలి, గబుక్కున లోపలికి లాక్కున్నాడు. అచ్చం ఇందాక రాజాలు తొంగిచూసినట్టే ఉంది.

రాజుగారి మీసం వణికింది. పెదవి కొరుక్కున్నాడు. ఇక ఆగలేక పీట మీద కూలబడి పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వితే మంత్రి నవ్వాడు. మంత్రి నవ్వితే పంక్తి పంక్తంతా నవ్వింది. బయట రాజాలు నవ్వు పట్టలేక పల్లకీ దింపేసింది.

"అమ్మా నరసాయమ్మా!" అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ. ఆయన నోట తన పేరు వినడం ఆమెకి అదే మొదలు. ఆ పేరు పక్కనున్న మంత్రి మెల్లగా అందించాడనుకోండి. "నీ అన్నానికి నా నమస్కారం చెప్పు. ఘనత పోతే పోయింది, కాస్త దయచేయమను!"

మరుక్షణంలో అన్నం వచ్చింది, ఆవిర్లు కక్కుతూ. వెంటనే పప్పు, కూరలు, దప్పళం. నేతిగిన్నె పల్లకీ దిగి పరుగున వచ్చింది. రాజు కుడిచేత్తో ముద్ద కలుపుతూనే ఎడంచేత్తో మొలలోని తాళపుచెవులు తీసి పక్కన పెట్టాడు.

"రోజూ తెల్లారకముందే వచ్చి నిలబడేవాడొకడున్నాడు, వాడి పేరేమిటి?"

"నీరుకట్టు గవరయ్య అండీ" అంది నరసాయమ్మ.

"పిలవండి వాణ్ణి."

"తొందరేముంది ప్రభూ, భోజనాలయ్యాక..." అన్నాడు మంత్రి.

"అమ్మో! తిన్నాక నాకు నిద్రొస్తుంది. ఇప్పుడే పిలిపించు."

గవరయ్యని వెతకనక్కర్లేకపోయింది. గుమ్మం ముందే ఉన్నాడు. తాళపుచెవులు రెండుచేతులా పుచ్చుకుని కళ్ళకద్దుకున్నాడు. రాజు భోంచేసి వెళ్ళమంటే, "సెలవిప్పించండి బాబయ్యా, ఆకులో రెండు ముద్దలు కట్టిస్తే దారిలో తింటాను" అన్నాడు. నరసాయమ్మ పులిహోర కట్టిచ్చింది. అతని వెనకాలే అప్పలస్వామీ, ఊరి రైతులూ కాలువ గట్టు వెంబడి పరుగెత్తారు.

భోజనాలయ్యాయి. తాంబూలాలయ్యాయి. రాజుగారు ఒక కునుకు తీసి లేచారు. అప్పుడు వచ్చారు భట్టూ బిరుదాంకయ్యా. బోయీలు ఆకలికి తాళలేక పల్లకీలు తెచ్చి గుమ్మం ముందు దింపేశారు. ఇద్దరూ గడప దగ్గర ఆగిపోయారు.

"తమరు ముందు దయచేయండి భట్టుగారూ."

"అబ్బెబ్బే, ఎంతమాట! ముందు తమరు."

"పెద్దలు, పండితులు, మీ ముందు నేనా!"

"ప్రభువుల వంటివారు, తమరు వెళ్ళకుండా నేనా!"

ఒకర్నొకరు భుజం పట్టి లోపలికి తోసుకుంటున్నారు. భట్టుగారి శాలువా జారింది, బిరుదాంకయ్య తలపాగా వంకరపోయింది. రాజు నిన్నటిదాకా ఆ మర్యాద చూసి మురిసిపోయేవాడే. ఈరోజు మాత్రం దిండు మీద పడి నవ్వుతున్నాడు.

"ప్రభూ, మాలో ఎవరు ఘనులో తేల్చండి. తాళాలు..." అన్నాడు భట్టు ఆయాసపడుతూ.

"ఘనత మీ ఇద్దరికీ చెరిసగం పంచేశానయ్యా. తాళాలు గవరయ్య పట్టుకుపోయాడు. అన్నట్టు, అన్నం కూడా అయిపోయింది. ఊరగాయా ఉప్పూ ఉన్నాయి, వడ్డించమంటారా?"

సాయంత్రం రాజు నరసాయమ్మని మేడమీదికి పిలిపించాడు. అక్కడినుంచి చూస్తే గుమ్మడాం వైపు కాలువ సన్నగా మెరుస్తోంది. చూస్తుండగానే ఆ మెరుపు ముందుకి ముందుకి పాకుతోంది. నీళ్ళ వెంట గట్టు మీద పిల్లలు పరుగెడుతున్నట్టున్నారు, కేకలు ఇక్కడిదాకా వినిపిస్తున్నాయి. నరసాయమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"చెప్పు, నీకేం కావాలి?" అన్నాడు రాజు.

"ఏమీ వద్దండీ. వచ్చేసిందిగా" అంది ఆమె కాలువ వంక చూస్తూ.

"అలా వీల్లేదు. నీకు బంగారు కడియం ఇస్తున్నాను." రాజు చేతి కడియం తియ్యబోయి, ఆగాడు. ఆయన కళ్ళలో కొంటెతనం మెరిసింది. "కానీ ఇది చాలా ఘనమైన బహుమానం సుమా. ఇంత ఘనమైంది అంత తొందరగా వస్తుందా? ఎప్పుడొస్తుందో ఏమో, ఎదురుచూడు మరి!"

పక్కనున్న మంత్రి పెద్దగా నవ్వాడు. నరసాయమ్మ కూడా నవ్వింది.

"చిత్తం మహాప్రభూ. నాకేం తొందరలేదు." కొంగు సవరించుకుని మెట్లవైపు రెండడుగులు వేసి వెనుదిరిగింది. "రేపు పొద్దున ఫలహారానికి ఏలినవారికి ఇడ్డెనలు పెడదామనుకున్నాను. కడియం బయలుదేరగానే అవీ బయలుదేరతాయి."

రాజు కడియం తీసిన తొందరకి వేలు గీరుకుపోయింది. "ఇదిగో తల్లీ, ఇదిగో!" అంటూ మెట్లదాకా వెంటవెళ్ళి ఆమె చేతిలో పెట్టి, అక్కడే గోడకి చేరగిలబడి కడుపుబ్బ నవ్వాడు.

ఆ మర్నాడు వెలగలకోటలో కొలువు పొద్దున్నే తీరింది. అంతకంటే ముందే ఇడ్డెనలు వచ్చాయి.